తెరపై దొర్లిన గోళీ

వేసవి సెలవులు వచ్చినవనగా రామన్నపేట వీధులలో ముందుగా వినవచ్చునది గోళీల చప్పుడు. గాజు గోళీ గాజు గోళీని తాకినప్పటి ఆ చిన్న శబ్దము మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడ వేపచెట్ల నీడల నుండి వినబడుచునే ఉండును. ఆ ప్రాంతపు పిల్లలు వాటిని గోటీలందురు. బొటనవ్రేలిని నేలపై ఊని, నడిమివ్రేలిని వింటివలె వెనుకకు వంచి, ఒక కన్ను మూసి గురి చూచు పదేండ్ల బాలునికి భౌతికశాస్త్రమన్న మాట తెలియకపోవచ్చును. కాని ఎర్రమట్టి నేలపై గోళీ ఎంత దూరము దొర్లి ఆగును, గచ్చుపై ఎంతవరకు జారును, ఏటవాలు చోట ఎటు వంగిపోవును, ఎదుటి గోళీ అంచును తాకిన అది ఏ వైపునకు ఎగిరిపోవును అన్నది అతని వ్రేళ్లకు కంఠస్థము.

ఈ శతాబ్దపు మొదటి పదేండ్లలో ఆ పిల్లలలో కొందరికి మరియొక గోళీతో పరిచయమైనది. అది చేతికి అందని గోళీ. నెట్ సెంటరులోనో, బడిలోని కంప్యూటరు గదిలోనో, పట్నములో కొలువు చేయు చిన్నాయన ఇంటిలోనో, గాజు తెర వెనుక వెండి రంగులో మెరయుచు అది కనిపించినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పి ఉన్న కంప్యూటరు కొన్నవారికి పేకాటలతో పాటు ఈ ఆట కూడ వచ్చెడిది. వేరుగా కొనవలసిన పని లేదు. దాని పేరు త్రీడీ పిన్‌బాల్, స్పేస్ కేడెట్. ఎడమచేతి వ్రేలు జెడ్ మీటపై, కుడిచేతి వ్రేలు అడ్డుగీత మీటపై, బొటనవ్రేలు పొడుగు మీటపై ఉంచవలెను. పొడుగు మీటను నొక్కి పట్టిన స్ప్రింగు వెనుకకు పోవును. విడిచిన గోళీ పైకి దూసుకొని పోవును. అది క్రిందికి దొర్లి వచ్చునప్పుడు రెండు చిన్న రెక్కలతో దానిని మరల పైకి కొట్టవలెను. రెక్కల నడుమనుండి జారిపోయిన ఆ గోళీ పోయినట్లే. మొత్తము గోళీలు మూడు.

2016 వరకు నల్లగొండ జిల్లాలోను, ఆపై యాదాద్రి భువనగిరి జిల్లాలోను ఉన్న ఈ మండల కేంద్రము బీబీనగరు నుండి నడికుడి పోవు రైలుమార్గము మీద ఉన్నది. అక్కడ ఈ ఆట ఆడిన పిల్లలకు ఒక విషయము సాధారణముగా తెలియదు. వారు ఆడుచున్నది ఒక నకలు. దాని అసలు నాలుగు కాళ్లపై నిలిచిన చెక్క పెట్టె. లోపల ఇనుప గుండు, రబ్బరు పట్టీలు, విద్యుదయస్కాంతములు, పైన గాజు పలక. ఏనుగును చూచినవాడు బొమ్మలోని ఏనుగును గుర్తించును. చూడనివానికి బొమ్మయే ఏనుగు. అందుచేత ఉపాధ్యాయులు అడుగదగిన ప్రశ్న ఒకటి పుట్టుచున్నది. వీధిలోని గోళీ ఏ నియమమునకు లోబడి దొర్లునో, తెరపై గోళీ కూడ దానికే లోబడునా? లోబడినచో ఆ పిల్లవాడు కాలక్షేపముతో పాటు కొంత నిజము కూడ నేర్చినట్లు. లోబడనిచో అది గారడీ. గారడీని చూచి నేర్చినది వీధిలో పనికిరాదు.

అసలు యంత్రము కథ 18వ శతాబ్దపు ఫ్రాన్సులో మొదలగును. బిలియర్డ్సు బల్లను చిన్నది చేసి, మేకులు గ్రుచ్చి, బాగటెల్ అను ఆటగా మార్చినారు. మేకులు కొట్టిన ఆ పలక మన బజారులలో కూడ పిల్లల ఆటవస్తువుగా దొరకెడిది; దానిని చూచినవారికి పిన్‌బాల్ వంశము చెప్పకయే తెలియును. అమెరికాలోని సిన్సినాటిలో ఉండిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో ఆ పలకకు స్ప్రింగు కడ్డీని తగిలించి పేటెంటు పొందినాడు. 1931లో, ఆర్థిక మాంద్యము దేశమును నలుపుచున్న రోజులలో, డేవిడ్ గాట్లీబ్ చికాగో నుండి బాఫుల్ బాల్ అను యంత్రమును విడుదల చేసినాడు. ఒక్క పెన్నీ వేసిన కొన్ని గుండ్లు ఆడుటకు వచ్చెడివి. పని లేనివారికి అంత చవుకగా దొరకిన వినోదము మరియొకటి లేకపోయినది.

అయితే అప్పటికి రెక్కలు లేవు. గుండును వదలిన తరువాత ఆటగానికి మిగిలిన పని యంత్రమును కుదుపుట మాత్రమే. అదియు మితిమీరిన టిల్టు అను ఉపాయము ఆటను ఆపివేసెడిది. కనుక ఇది నేర్పా, అదృష్టమా అన్న వివాదము రేగినది. న్యూయార్కు నగరము 1942లో పిన్‌బాల్‌ను జూదముగా ఎంచి నిషేధించినది. మేయరు లా గార్డియా సమ్మెట పట్టి యంత్రములను పగులగొట్టుచున్న ఛాయాచిత్రములు నేటికిని ఉన్నవి. పిల్లల పాలడబ్బులు ఈ పెట్టెలపాలగుచున్నవని పెద్దల బాధ. ఆ బాధలో న్యాయము లేకపోలేదు. 1947లో గాట్లీబ్ సంస్థవారి హంప్టీ డంప్టీ యంత్రములో ఆరు రెక్కలు వచ్చినవి. ఆనాటి నుండి గుండు ఎటు పోవలెనో నిర్ణయించుటలో చేతికి పాత్ర లభించినది. నిషేధము మాత్రము 1976 వరకు ఉండెను. ఆ యేట రోజర్ షార్ప్ అను పత్రికా రచయిత నగర మండలి సంఘము ఎదుట ఒక యంత్రమును ఆడి చూపినాడు. స్ప్రింగు కడ్డీని లాగి, గుండు నడిమి దారిలోనే దిగునని ముందుగా చెప్పి వదలినాడు. అది అట్లే దిగినది. నిషేధము తొలగినది. తరువాతి కాలములో ఆయనయే ఆ దెబ్బలో అదృష్టము పాలు కూడ ఉన్నదని ఒప్పుకొనుట మరియొక విశేషము.

షార్ప్ ముందుగా చెప్పగలిగినాడనగా దొర్లు గుండులో నియమమున్నదన్న మాట. ఆ నియమము పదవ తరగతికి మించినది కాదు. నేటి పిన్‌బాల్ బల్ల సుమారు ఆరున్నర డిగ్రీల వాలున ఉండును. పొడవు సుమారు 107 సెంటీమీటర్లు. గుండు ఉక్కుది, అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. భూమి ఆకర్షణ వలన కలుగు త్వరణము సెకను సెకనుకు 9.8 మీటర్లు గదా. వాలు బల్లపై అందులో ఆరున్నర డిగ్రీల సైను విలువయైన 0.113 వంతు మాత్రమే గుండును లాగును, అనగా 1.11. అదియు పూర్తిగా ముందుకు నడుచుటకు ఖర్చు కాదు. గుండు దొర్లుచున్నది, దొర్లుటకు తన చుట్టు తాను తిరుగవలెను, ఆ తిరుగుటకు కొంత పోగా నిండు గోళమునకు మిగులునది ఏడింట ఐదు వంతులు. అనగా 0.79. ఈ లెక్కన పైకొన నుండి నిశ్చలముగా వదలిన గుండు క్రిందికొనకు చేరుటకు 1.65 సెకనులు పట్టును. అంతే దూరము నిలువుగా పడినచో 0.47 సెకను చాలును. వాలు కాలమును మూడున్నర రెట్లు సాగదీసినది. కన్ను చూచి, మనసు తలచి, వ్రేలు కదలుటకు కావలసిన అవకాశము ఆ సాగదీతలోనే ఉన్నది. పడుచున్న వస్తువు కంటికి అందదని గెలీలియో కంచు గుండును వాలు పలకపై దొర్లించినాడు. 1638లో అచ్చయిన తన గ్రంథములో దానిని వర్ణించినాడు. పిన్‌బాల్ యంత్రమును చేసినవారు ఆయన శిష్యులమని అనుకొని ఉండరు.

ఈ లెక్కలో గుండు బరువు గాని, పరిమాణము గాని ఎక్కడను రాలేదని విద్యార్థి గమనించవలెను. 107 సెంటీమీటర్ల నున్నని పలకను తెచ్చి, ఒక కొనను 12 సెంటీమీటర్లు ఎత్తి, రామన్నపేట గాజు గోటీని వదలినను దాదాపు 1.65 సెకనులే పట్టవలెను. పలక గరుకైనచో కొంత తేడా వచ్చును. గడియారము నొక్కు చేయి ఆలసించినచో ఇంకను ఎక్కువ తేడా వచ్చును. పదిమార్లు కొలిచి సగటు తీయుట మేలు.

ఇక ఈ గుండును కంప్యూటరులోనికి దింపుట. 1977లో అమెరికాలో ఇండ్లకు వచ్చిన అటారీ 2600 అను ఆటపెట్టెకు ఉన్న మెమొరీ 128 బైట్లు. 128 వేలు కాదు, 128. నేటి పద్ధతిలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును గనుక 42 సంకేతములతోనే ఆ మెమొరీ నిండిపోవును. ఒక పద్యపాదము వ్రాసిన రెండవదానికి చోటు చాలునో చాలదో. తెరపై బొమ్మను నిలువ చేసికొనుటకు కూడ అందులో స్థలము లేదు. టెలివిజను గొట్టములో కాంతిరేఖ ఒక్కొక్క వరుసను గీయుచు దిగునప్పుడే, ఏ వరుసలో ఏమి గీయవలెనో ప్రోగ్రాము దానితో పరుగెత్తుచు చెప్పవలెను. ఇంత ఇరుకులో బాబ్ స్మిత్ 1981 నాటికి వీడియో పిన్‌బాల్ అను ఆటను ఇమిడ్చినాడు. అందులోని గుండు గుండ్రముగా లేదు. చిన్న చదరపు చుక్క. జాయ్‌స్టిక్కును క్రిందికి లాగిన స్ప్రింగు సాగును. చుక్క గోడలకు తగిలి మళ్లును. చూచువాడు కొన్ని క్షణములలోనే చదరమును మరచి గుండును చూచును. కంటిని నమ్మించునది ఆకారము కంటె నడక అని ఆ చుక్క ఋజువు చేసినది.

అదే 1977లో వచ్చిన ఆపిల్ టు కంప్యూటరు దీనికంటె సంపన్నురాలు. అయినను దాని ప్రాసెసరు 6502కు కూడుట, తీసివేయుట తెలియును గాని గుణించుట, భాగించుట తెలియవు. దానికి ఒక గదిలో పట్టు సంఖ్య 255కు మించదు. భిన్నములు అసలే లేవు. ఇట్టి యంత్రముతో సైన్లు, కొసైన్లు లెక్కించుట ఎట్లు? గుణకారమును కూడికలుగా విడదీయవలెను. 13ను 11తో గుణించుటకు 11ను రెట్టింపు చేయుచు పోయి, ఎనిమిది పదునొకండ్లు 88, నాలుగు పదునొకండ్లు 44, ఒకటి 11, ఈ మూడింటిని కలిపి 143 అనవలెను. ఎక్కములు రాని వ్యాపారి వ్రేళ్లపై చేయు లెక్క ఇదియే. భిన్నములకు మరియొక ఉపాయము కలదు. పాతకాలపు రూపాయి, అణాల లెక్క. రూపాయికి 16 అణాలు. అణాలు 16 కాగానే ఒక రూపాయి పైకి పోవును. భిన్నమన్న మాటయే రాకుండ లెక్క సాగును. అట్లే గుండు ఉన్నచోటును రెండు గదులలో ఉంచెదరు. ఒక గదిలో పూర్ణ సంఖ్య, రెండవ గదిలో 256వ వంతులు. రెండవ గది నిండగానే మొదటి గదికి ఒకటి చేరును. తెరపై గుండు అడుగులు వేయుచున్నట్లు గాక నున్నగా దొర్లునట్లు కనుపించుట ఈ అణాల చలువయే.

మిగిలిన నడక సులభము. సెకనును 60 ముక్కలు చేయవలెను. ప్రతి ముక్కలోను వేగమునకు వాలు ఇచ్చు త్వరణమును కొద్దిగా కలుపవలెను. ఉన్నచోటునకు వేగమును కలుపవలెను. గోడ తగిలెనా అని చూడవలెను. తగిలినచో గోడకు ఎదురైన వేగభాగమును త్రిప్పివేసి, గోడ వెంబడి ఉన్న భాగమును అట్లే ఉంచవలెను. త్రిప్పిన భాగమును గోడ స్వభావమును బట్టి తగ్గింపవలెను. మీటరు ఎత్తు నుండి వదలిన బంతి 49 సెంటీమీటర్లు లేచినచో, నేలను విడిచిన వేగము తాకిన వేగములో 0.7 వంతు, 49కి వందకు గల నిష్పత్తి వర్గమూలము అది. రబ్బరు పట్టీకి ఒక సంఖ్య, ఇనుప అంచుకు మరియొక సంఖ్య. ప్రాణము పోసిన సంఖ్యలు ఇవియే. వీథిలో పిల్లవాని వ్రేలు గుర్తుంచుకొనునది కూడ వీటినే, పేర్లు లేకుండ.

కష్టమంతయు తాకుట దగ్గర వచ్చును. గుండు సెకనుకు 3 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. 60వ వంతు సెకనులో అది 5 సెంటీమీటర్లు కదలును. తన అడ్డుకొలతకు దాదాపు రెండింతలు. ఒక ముక్కలో గోడకు ఈవల ఉన్నది, మరుసటి ముక్కలో గోడకు ఆవల ఉన్నది. నడుమ తాకిన క్షణమును ఎవరును చూడలేదు. కనుక యంత్రము దృష్టిలో అది తాకనే లేదు. గుండు గోడలోనుండి దయ్యము వలె దాటిపోవును. దీనిని నివారించుటకు కాలమును ఇంకను సన్నగా తరుగవలెను. లేదా పాత చోటు నుండి క్రొత్త చోటునకు గీత గీచి, ఆ గీత గోడను ఎక్కడ ఖండించునో రేఖాగణితముతో కనుగొనవలెను. తెరపై గోళీ గారడీయా, నిజమా అన్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క చోట తేలును. నియమము నిజమైనదే, దానిని చూచు కన్ను మాత్రము నిమిషమునకు 3,600 మారులు తెరచి మూయబడుచున్నది. మూసిన క్షణములలో జరిగినదానిని లెక్కతో పూరించినవాడు మంచి శిల్పి.

అట్టి శిల్పులలో బిల్ బడ్జ్ పేరు ముందు చెప్పవలెను. ఆయన 1981లో ఆపిల్ టుపై రాస్టర్ బ్లాస్టర్ అను పిన్‌బాల్‌ను వ్రాసినాడు. మరుసటి యేట డేవిడ్ స్నైడర్ వ్రాసిన డేవిడ్స్ మిడ్‌నైట్ మ్యాజిక్ వచ్చినది. అదే యేట నైట్ మిషన్ పిన్‌బాల్ వ్రాసిన బ్రూస్ ఆర్ట్‌విక్, విమానము నడుపు అభ్యాసమును కంప్యూటరులో కల్పించిన ఫ్లైట్ సిమ్యులేటరు కర్త. విమానమును గాలిలో నిలిపిన చేతికే గుండును బల్లపై దొర్లించుట కూడ పట్టువడుటలో వింత లేదు. రెండింటికి అడుగున ఉన్న లెక్క ఒకటే. జపానులో నింటెండో వారి 1984 నాటి పిన్‌బాల్‌ను వ్రాసినవాడు హాల్ సంస్థలోని సతోరు ఇవాటా. ఆయన 2002లో నింటెండో సంస్థకే అధ్యక్షుడైనాడు.

బడ్జ్ కీర్తి మాత్రము ఆయన వ్రాసిన ఆట కంటె, ఆటలు చేయు పనిముట్టు వలన నిలిచినది. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు ప్రచురించిన పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్‌లో తెరకు ఒక ప్రక్క ఖాళీ బల్ల, మరియొక ప్రక్క విడిభాగములు ఉండును. చేయి ఆకారముగల గుర్తుతో రెక్కను పట్టి తెచ్చి బల్లపై ఉంచవచ్చును; గోడను లాగి వంచవచ్చును; రంగులు వేయవచ్చును; ఏది తగిలిన ఎన్ని అంకెలు రావలెనో తీగెలు కలిపినట్లు కలుపవచ్చును. ఒక్క ప్రోగ్రాము పంక్తియైన వ్రాయనక్కరలేదు. చేసిన ఆటను డిస్కుపై ఎక్కించి స్నేహితునికి ఇవ్వవచ్చును. అన్నింటికంటె ఆశ్చర్యము, భూగోళము గుర్తు చాటున దాగిన కొన్ని మీటలు. వానిలో ఒకటి ఆకర్షణ, ఒకటి కాలము నడక, ఒకటి బంపర్ల తన్ను, ఒకటి గోడల సాగుడు గుణము. పండ్రెండేండ్ల పిల్లవాడు భూమ్యాకర్షణను తగ్గించి గుండు తేలుచున్నట్లు దిగుటను చూడవచ్చును. పెంచి రాయివలె పడుటను చూడవచ్చును. తరగతి గదిలో ఉపాధ్యాయుడు సుద్దముక్కతో ‘ఆకర్షణ సగమైనచో’ అని వ్రాసి విడిచిపెట్టు ప్రశ్నను ఆ పిల్లవాడు వ్రేలితో జరిపి చూచినాడు. పాఠ్యపుస్తకము వ్రాయు పండితులు ఆ మీటలను చూడకపోవుట విచారకరము.

ఈ తరమంతయు తెలుగు పల్లెలను తాకకుండ దాటిపోయినది. కంప్యూటరు మనకు అపరిచితము కాదు. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969 నాటికే టి.డి.సి. 12 అను కంప్యూటరును తయారు చేసినది. కాని అది ప్రయోగశాలల వస్తువు. 1984లో కేంద్ర ప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద దేశములోని కొన్ని పాఠశాలలకు బ్రిటిషు వారి బి.బి.సి. మైక్రో యంత్రములను పంపినది. వందలలో పాఠశాలలు, లక్షలలో ఊళ్లు. ఇంటిలో ఆపిల్ టు ఉంచుకొని పిన్‌బాల్ బల్లను కట్టిన బాలుడు నల్లగొండ మెట్టభూములలో ఉండుటకు అవకాశమే లేకపోయినది. 1992లో స్వీడను యువకుల డిజిటల్ ఇల్యూజన్స్ సంస్థ అమిగా కంప్యూటరుపై వెలువరించిన పిన్‌బాల్ డ్రీమ్స్, పిన్‌బాల్ ఫాంటసీస్ అనునవి యూరపులో ఇంటింటి పేరులైనప్పుడు కూడ ఇచట ఆ మాట వినినవారు అరుదు.

కనుక రామన్నపేటకు పిన్‌బాల్ చరిత్ర అంతయు ఒక్క ఆటగానే, ఒక్కసారిగానే చేరినది. ఆ స్పేస్ కేడెట్‌ను చేసినది టెక్సాసులోని ఆస్టిన్ నగరపు సినిమాట్రానిక్స్ సంస్థ. 1995లో మాక్సిస్ ప్రచురించిన ఫుల్ టిల్ట్ పిన్‌బాల్‌లో మూడు బల్లలు ఉండెను. అందులో ఒకదానిని మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 95కు అనుబంధముగా అమ్మిన ప్లస్ సంపుటిలో చేర్చినది. తరువాత విండోస్ ఎన్‌టి 4, విండోస్ 2000, మి, ఎక్స్‌పిలలో అది కొనసాగినది. ఆటగాడు మొదట కేడెట్. లక్ష్యములను తాకి ఒక పనిని ఎన్నుకొని, వాలుదారి ఎక్కి దానిని అంగీకరించి, నెరవేర్చిన మెట్టు మెట్టుగా ఎన్‌సైన్, లెఫ్టినెంటు, కెప్టెను అగుచు ఫ్లీట్ అడ్మిరల్ వరకు ఎదుగును. తెలుగు మాధ్యమపు బాలునికి ఆ పదవుల అర్థము తెలియదు. పని అంగీకరించవలెనన్న సంగతియే తెలియక గుండును ఎంతసేపు నిలుపగలనా అని ఆడెడివాడు. ఒక విధముగా అదియే అసలైన పిన్‌బాల్. నడుమ కరెంటు పోయినచో లక్షలలో ఉన్న అంకెలు చీకటిలో కలిసిపోయెడివి. ఆ కాలపు తెలంగాణ గ్రామములలో కరెంటు కోత ఎంత సహజమో తెలిసినవారికి ఆ దుఃఖము వివరింపనక్కరలేదు.

కంప్యూటరు గదికి పిల్లలను పంపిన ఉపాధ్యాయులలో ఈ ఆటను చూచి కోపించినవారే ఎక్కువ. వారానికి ఒక గంట, యంత్రమునకు ముగ్గురు నలుగురు పిల్లలు. ఆ గంట గుండు వెంట పోయినచో టైపు చేయుట ఎప్పుడు నేర్తురు? ఈ అభ్యంతరము త్రోసివేయదగినది కాదు. అయినను ఆ గుండు దారిని నోటుపుస్తకములో గీయించి, పతన కోణము, పరావర్తన కోణము కొలువుమని చెప్పిన గంట వ్యర్థమయ్యెడిది కాదు. అద్దమునకు చెప్పిన సూత్రము రబ్బరు పట్టీకి ఎంతవరకు వర్తించును, ఎక్కడ తప్పును అన్నది అద్దము ముందు నిలిచి తెలియదు.

2007లో ప్రజలకు విడుదలయైన విండోస్ విస్టాలో ఈ ఆట కనిపించలేదు. ఎందువలన తీసివేసినారో చాలకాలము ఎవరికిని తెలియదు. 2012లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ ఆ సంగతిని వ్రాసినాడు. పాత 32 బిట్ల ప్రోగ్రామును క్రొత్త 64 బిట్ల యంత్రములకు మార్చునప్పుడు గుండు వస్తువులను తాకుట మానివేసినదట. ఆట మొదలుపెట్టిన గుండు స్ప్రింగు కడ్డీలోనుండియే మెల్లగా జారి బల్ల అడుగునకు పోయెడిది. గోడను దాటు దయ్యము ఇరువది యేండ్ల తరువాత మరల కనిపించినదన్న మాట. దోషము దశాంశ సంఖ్యల లెక్కలో ఎక్కడనో ఉన్నదని తోచినది గాని ఎక్కడనో దొరకలేదు. ప్రోగ్రాము బయటి సంస్థవారు ఏండ్ల క్రిందట వ్రాసినది. ఏ భాగము ఏమి చేయునో వివరించు మాట ఒక్కటియు అందులో లేదు. చదివి అర్థము చేసికొనుటకు వ్యవధి లేదు. మార్చవలసిన పంక్తులు లక్షలు మిగిలి ఉండగా ఒక్క ఆటకై ఆగుట కుదరక దానిని విడిచిపెట్టినారు.

లెక్క జవాబు మాత్రము వ్రాసి మెట్లు వ్రాయని విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును. మెట్లు లేని జవాబు సరియైనదే కావచ్చును. కాని తప్పినప్పుడు ఎక్కడ తప్పెనో వ్రాసినవానికి తప్ప మరెవరికిని తెలియదు. స్పేస్ కేడెట్‌కు పట్టిన గతి అదియే. కోట్లమంది ఆడిన ఆట వ్యాఖ్య లేనందున ఆగినది. అంతకుముందు కూడ ఒక చిక్కు వచ్చి తీరినది. యంత్రముల వేగము పెరిగిన కొలది ఈ ఆట అడ్డు లేక సెకనుకు వేలకొలది చిత్రములు గీయుచు ప్రాసెసరునంతటిని తానే తినివేసెడిది. చెన్ దానికి సెకనుకు 100 చిత్రములన్న హద్దు పెట్టినాడు. ఆ దోషము కంటికి కనిపించినది గనుక బాగుపడినది.

2021లో ఒక ఔత్సాహికుడు పాత ఆట యొక్క యంత్రభాషను వెనుకకు విప్పి, మనుష్యులు చదువదగిన ప్రోగ్రాముగా తిరిగి వ్రాసి అందరికిని అందుబాటులో ఉంచినాడు. ఏ వాక్యము గుండును కదలించును, ఏది రెక్కను లేపును, ఏది తాకిడిని చూచును అని ఒక్కొక్కదానిని గుర్తుపట్టుచు పోయిన పని అది. ఒకప్పుడు వ్రాయక విడిచిన మెట్లను పరులెవరో ఏరి కూర్చినట్లయినది. దాని ఆధారముగా ఇప్పుడు ఆ ఆట అనేక విధముల యంత్రములపై, చేతిలోని ఫోనులపై కూడ ఆడుచున్నది. ఫోనుకు జెడ్ మీట లేదు. గాజు తెర ఎడమ సగమును తాకిన ఎడమ రెక్క, కుడి సగమును తాకిన కుడి రెక్క లేచును. గోటీని కొట్టు వ్రేలికి కొంత అలవాటు మారవలెను. గుండు దిగివచ్చు తీరు మాత్రము 1995 నాటిదే.